రోజుకు 500 కట్టే ఫైనాన్స్, ఎస్బీ ఖాతా వడ్డీ: ఈ రెండు లెక్కలు ఎవరైనా విడమరిచి చెప్పండి (చెన్నై)

పెరంబూర్_టిఫిన్
అందరికీ నమస్తే. మాది నెల్లూరు జిల్లా, పెరంబూర్‌లో టిఫిన్ షాపు పెట్టుకున్నాను. రెండు డౌట్లు ఉన్నాయి. రెండూ వడ్డీవే కాబట్టి ఒకే చోట అడుగుతున్నా.

ఒకటి. ఆగస్టులో షాపు అడ్వాన్సు కట్టాక చేతిలో ఏమీ మిగల్లేదు. గ్రైండర్, స్టవ్ కొనాలని డైలీ ఫైనాన్స్ తీసుకున్నా. నోటు 50,000కి రాయించుకున్నారు. 6,000 వడ్డీ ముందే పట్టుకుని 44,000 చేతిలో పెట్టారు. రోజుకు 500 చొప్పున 100 రోజులు కట్టాలి. రాత్రి షట్టర్ దించే టైముకి కుర్రాడు బైక్ మీద వచ్చి 500 తీసుకుని, గళ్లు గీసిన పసుపు కార్డులో ఒక గడిలో సంతకం గీకి పోతాడు. ఇప్పటికి 70 గళ్లు నిండాయి. "నెలకు నూటికి మూడు రూపాయల అరవై పైసలే అన్నా, మీరు మనవాళ్లని తక్కువ వేశాం" అంటాడు. నిజంగా అంతేనా?

రెండు. నా సేవింగ్స్ ఖాతాలో లక్ష ఉండేది. బ్యాంకు వడ్డీ 2.5 శాతం. మూడు నెలలకు 625 రావాలి కదా? జూలై నుంచి సెప్టెంబర్ దాకా కలిపి 253 రూపాయలు వేశారు. మిగతాది ఏమైంది?

టమాటా_లోడు
అన్నా, 3.60 అంటే దేవుడిచ్చిన వడ్డీ. కోయంబేడు కూరగాయల మార్కెట్‌కి వచ్చి చూడు. తెల్లారుజామున 900 చేతిలో పెట్టి చీకటి పడేసరికి 1000 పట్టుకుపోయేవాళ్లున్నారు. దాన్ని నెలకు లెక్క కడితే కాలిక్యులేటరే దండం పెడుతుంది. తండల్ వాళ్లలో (ఇలా రోజూ వసూలు చేసుకునే అప్పును ఇక్కడ అలా అంటారు) 10,000కి 8,500 ఇచ్చేవాళ్లనీ చూశాను. నీకు 12 శాతమే కోశారు. నోరు మూసుకుని కట్టేయ్.

టీనగర్_ఆడిటర్
టమాటా గారూ, అసలు అది 3.60 అని ఎవరన్నారు? లెక్క చూద్దాం.

కుర్రాడి లెక్క ఇది: 50,000కి 6,000 అంటే 12 శాతం. 100 రోజులకు 12 అయితే 30 రోజులకు 3.60. ఇందులో మొదటి పొరపాటు దేంతో భాగించారన్నది. టిఫిన్ గారి చేతికి వచ్చింది 44,000. ఇంటికి తీసుకెళ్లని 6,000కి వడ్డీ ఏమిటి? 44,000 మీద 6,000 అంటే 13.64 శాతం. నెలకు 4 రూపాయల 9 పైసలు, ఏడాదికి లెక్కేస్తే 49.8 శాతం. అదే 12 శాతాన్ని ఏడాదికి మారిస్తే 43.8. అంటే ముందు కోత వల్ల 6 శాతం పెరిగింది.

ఇది సగం లెక్కే. మిగతాది సాయంత్రం రాస్తాను, ఆఫీసులో ఉన్నా.

సుజాత_విల్లివాక్కం
మా వీధిలో తాకట్టు కొట్టు వాళ్లూ అంతే మేడమ్, మొదటి నెల వడ్డీ పట్టుకునే డబ్బు ఇస్తారు. అది లెక్కలోకి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. ఒక చిన్న డౌట్. చేతికి సరిగ్గా 50,000 రావాలంటే 56,000కి నోటు రాయించుకుంటే సరిపోతుందా?

టీనగర్_ఆడిటర్
సరిపోదు అమ్మా. కోత నోటు మీద పడుతుంది, చేతికొచ్చే దాని మీద కాదు. 56,000లో 12 శాతం 6,720 పోతుంది, మిగిలేది 49,280. 50,000 రావాలంటే 50,000ని 0.88తో భాగించాలి. 56,818 వస్తుంది. తేడా చిన్నదే. కానీ ఆ 720 కోసం మళ్లీ చేబదులు అడిగేవాళ్లుంటారు.

అంబత్తూర్_లేత్
ఒక మాట. ముందే వడ్డీ పట్టుకోవడాన్ని అందరూ మోసం అన్నట్టు మాట్లాడుతున్నారు. అది కొత్తదీ కాదు, తప్పూ కాదు. నాది అంబత్తూర్ ఎస్టేట్‌లో చిన్న మెషిన్ షాపు. పెద్ద కంపెనీకి పార్టులు వేస్తాను, వాళ్లు 90 రోజులకు డబ్బిస్తారు. అన్ని రోజులు ఆగితే జీతాలు ఎవరిస్తారు? అందుకే ట్రెడ్స్ అనే ఆన్‌లైన్ వేదికలో బిల్లు డిస్కౌంట్ చేయించుకుంటా, అంటే కొంత కోత పోగా డబ్బు ముందే తీసుకుంటా. 4,00,000 బిల్లు, 9 శాతం అనుకోండి. 90 రోజులకు కోత 8,877. నా ఖాతాలో 3,91,123 పడుతుంది. మేడమ్ చెప్పినట్టు చేతికొచ్చిన దాని మీద లెక్కేసుకుంటే 9 శాతం కాస్తా 9.2 అవుతుంది. అంతే కదా. గవర్నమెంటే ట్రెజరీ బిల్లులు ఇలా అమ్ముతుంది. 91 రోజుల బిల్లు 98.50కి అమ్మిందనుకోండి, గడువు రోజున 100 ఇస్తుంది. వడ్డీ అని విడిగా ఏమీ ఉండదు, ఆ రూపాయిన్నరే వడ్డీ.

ఇంతకీ నా ప్రశ్న: నాకు 9 కాస్తా 9.2 అయితే, ఈయనకు మాత్రం అంత ఘోరం ఎలా అవుతుంది?

టీనగర్_ఆడిటర్
లేత్ గారూ, సరిగ్గా అక్కడికే వస్తున్నా. మీరు 3,91,123 తీసుకుని 90 రోజులూ ఆ మొత్తాన్ని వాడుకుంటారు. గడువు రోజున కంపెనీ ఒకేసారి 4 లక్షలు కడుతుంది. మీ కోత చిన్నది, డబ్బు మాత్రం గడువంతా మీదే. (98.50 ట్రెజరీ బిల్లు కూడా అంతే. పెట్టిన 98.50 మీద 1.50, ఏడాదికి 6.11 శాతం.)

టిఫిన్ గారి సంగతి చూడండి. మొదటి రోజు 44,000 ఉంది. రెండో రోజు నుంచే 500 చొప్పున కరిగిపోతోంది. సగం గడువు, అంటే 50 రోజులు అయ్యేసరికి అప్పు నిజానికి 23,420. నూరు రోజులకీ సగటు తీస్తే ఆయన దగ్గర ఉన్నది 23,000 చిల్లర. ఆ 6,000 వడ్డీ 50,000కీ కాదు, 44,000కీ కాదు, ఈ 23,000కి.

కచ్చితమైన లెక్క కావాలంటే ఎక్సెల్‌లో రేట్ అనే ఫంక్షన్ ఉంది. వరసగా 100, మైనస్ 500, 44000 ఇవ్వండి. రోజుకు 0.259 శాతం వస్తుంది. 30 రోజులకు నూటికి 7 రూపాయల 77 పైసలు. ఏడాదికి 94.5 శాతం.

మొత్తం మెట్లు చూడండి: ముందు కోత వల్ల 43.8 నుంచి 49.8కి వచ్చింది. రోజువారీ కట్టడం వల్ల 49.8 నుంచి 94.5కి ఎక్కింది. జనం కోతను చూసి తిట్టుకుంటారు. అసలు దెబ్బ రోజూ రాత్రి ఇచ్చే ఆ 500 కాగితంలో ఉంది. 500 చిన్న నోటు, కట్టడం తేలిగ్గా ఉంటుంది, అందుకే కనపడదు.

ఓఎమ్మార్_కోడర్
మేడమ్, నేను తేదీలు వేసి ఎక్సెల్‌లోనే ఎక్స్ఐఆర్ఆర్ అనే ఏడాది రేటు ఫంక్షన్ పెట్టాను. 157 శాతం వస్తోంది. 94.5 కాదు. తప్పు లెక్క చెప్పి జనాన్ని తక్కువ భయపెట్టకండి.

టీనగర్_ఆడిటర్
తప్పు కాదు తమ్ముడూ, రెండూ ఒకటే. నేను రోజు వడ్డీని 365తో గుణించాను. బారు వడ్డీ. ఎక్స్ఐఆర్ఆర్ ఏ రోజు వడ్డీని ఆ రోజే అసలులో కలిపి చక్రవడ్డీ కడుతుంది. 1.00259ని 365 సార్లు దానితోనే గుణించుకో, 2.57 వస్తుంది. ఒకటి తీసేస్తే 157 శాతం. టిఫిన్ గారు 100 రోజుల్లో తీర్చేస్తున్నారు, ఏడాది పాటు వడ్డీ మీద వడ్డీ కట్టట్లేదు. మన ఊళ్లలో నూటికి ఇంత అని నెలకు చెప్పుకునే లెక్కతో పోల్చాలంటే 7.77 చాలు. అదే మనిషి అప్పు తీరగానే మళ్లీ మళ్లీ తీసుకుంటే నీ 157 వైపు జరుగుతాడు.

ఓఎమ్మార్_కోడర్
సరే, ఒప్పుకున్నా. అయినా 157 అని చెప్తేనే భయం వేస్తుంది.

టమాటా_లోడు
భయపెట్టి ఏం లాభం తమ్ముడూ, పొద్దున నాలుగింటికి లోడు దిగాక లారీవాడికి నీ ఎక్సెల్ చూపిస్తే ఊరుకుంటాడా? 94 అయినా 157 అయినా ఆ టైములో డబ్బిచ్చేది వాడొక్కడే. బ్యాంకు పదింటికి తెరుస్తారు.

పద్దుల_పెద్దాయన
బాబూ టిఫిన్, నీ రెండో ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు, అది నాకు వదిలేశారనుకుంటా. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను, ఇప్పుడు నంగనల్లూరులో ఉంటున్నాను.

ముందు నువ్వు జూలై నుంచి సెప్టెంబర్ దాకా ఏ రోజు ఎంత వేశావో, ఎంత తీశావో రాయి. పాస్‌బుక్ చూసి రాయి, గుర్తున్నంత వరకు అని వద్దు.

పెరంబూర్_టిఫిన్
సార్, జూలై 1న 40,000 ఉంది. జూలై 12న ఊరి నుంచి 60,000 వచ్చింది, లక్ష అయింది. ఆగస్టు 5న షాపు అడ్వాన్సుకి 85,000 తీశాను. 15,000 మిగిలింది. తర్వాత సెప్టెంబర్ 30 దాకా దాన్ని కదపలేదు.

పద్దుల_పెద్దాయన
ఇంకేం, నీ లక్ష ఖాతాలో ఉన్నది 24 రోజులే కదా. 625 అనేది లక్ష మూడు నెలలూ కదలకుండా కూర్చుంటే వచ్చే లెక్క.

బ్యాంకు ఏం చేస్తుందంటే, రోజు ముగిసేసరికి ఖాతాలో ఎంత ఉందో చూసి దాన్ని ఆ రోజుకు లెక్కలో వేసుకుంటుంది. దీన్ని మేము ప్రొడక్టు అనేవాళ్లం. రూపాయలను రోజులతో గుణించడం. నీది:

జూలై 1 నుంచి 11 దాకా 11 రోజులు, 40,000: ప్రొడక్టు 4,40,000.
జూలై 12 నుంచి ఆగస్టు 4 దాకా 24 రోజులు, 1,00,000: 24,00,000.
ఆగస్టు 5 నుంచి సెప్టెంబర్ 30 దాకా 57 రోజులు, 15,000: 8,55,000.

రోజులు కూడితే 92, సరిపోయింది. ప్రొడక్టు మొత్తం 36,95,000. దాన్ని 2.5తో గుణించి 36,500తో భాగించు. 253 రూపాయల 8 పైసలు. నీ బ్యాంకు ఒక్క రూపాయి కూడా తినలేదు.

ఇంకో మాట. ఇలా రోజువారీ నిల్వ మీద వడ్డీ లెక్కకట్టడం 2010 ఏప్రిల్ 1 నుంచి వచ్చింది. అంతకు ముందు ప్రతి నెలా 10వ తేదీ నుంచి నెలాఖరు దాకా ఖాతాలో ఏ రోజు అతి తక్కువ ఉంటే దాని మీదే ఆ నెల వడ్డీ. అప్పట్లో రేటు 3.5 శాతం, రిజర్వు బ్యాంకే నిర్ణయించేది. 2011లో 4 చేశారు, అదే ఏడాది అక్టోబర్ 25 నుంచి మీ ఇష్టం అని బ్యాంకులకు వదిలేశారు. లక్ష లోపు నిల్వకు మాత్రం ఒక బ్యాంకులో అందరికీ ఒకే రేటు ఉండాలి.

ఆ పాత పద్ధతిలో నీ లెక్క చూడు. జూలై 10, 11 తేదీల్లో 40,000 ఉంది కాబట్టి జూలైకి 40,000. ఆ లక్ష లెక్కలోకే రాదు! ఆగస్టుకి 15,000, సెప్టెంబర్‌కి 15,000. కూడితే 70,000. 3.5 శాతం చొప్పున నెల వడ్డీ కడితే 204 రూపాయలు. రేటు ఎక్కువ, చేతికొచ్చేది తక్కువ. ఆ రోజుల్లో జీతం 11వ తేదీన వేసి నెలాఖరుకు ముందే తీసేసుకునే ఖాతాదారు ఒకాయన కౌంటర్ దగ్గర నాతో ప్రతి ఆరు నెలలకీ పోట్లాడేవాడు. ఆయన తప్పేం లేదు, పద్ధతే అలా ఉండేది.

సుజాత_విల్లివాక్కం
అయితే సార్, పోస్టాఫీసులో సేవింగ్స్‌కి 4 శాతం ఇస్తున్నారు కదా. బ్యాంకు 2.5 కన్నా అదే మేలు కదా?

పద్దుల_పెద్దాయన
డబ్బు కదపకుండా ఉంచితే మేలే అమ్మా. కానీ పోస్టాఫీసు ఇప్పటికీ ఆ పాత పద్ధతే: 10 నుంచి నెలాఖరు దాకా కనీస నిల్వ మీద. ఈ టిఫిన్ బాబు డబ్బు అక్కడ ఉంటే 70,000 మీద 4 శాతం, నెలకు పన్నెండో వంతు, 233 రూపాయలు. బ్యాంకులో 253. ఎక్కువ రేటు ఇచ్చే చోట తక్కువ వచ్చింది చూశావా? పైగా పోస్టాఫీసు ఆ వడ్డీని ఆర్థిక సంవత్సరం చివర్లో వేస్తుంది, బ్యాంకు మూడు నెలలకోసారి.

పోస్టాఫీసులో వేసేవాళ్లు 10వ తేదీ లోపు వేయాలి, తీసేవాళ్లు నెల దాటాక తీయాలి. పీపీఎఫ్‌కి (పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్) ఆ గీత 5వ తేదీ. 6న వేస్తే ఆ నెల వడ్డీ పోయినట్టే.

ఓఎమ్మార్_కోడర్
పెద్దాయనా, లైక్ బటన్ రెండుసార్లు నొక్కనివ్వట్లేదు.

పెరంబూర్_టిఫిన్
సార్, ఇప్పుడు అర్థమైంది. ఇంకోటి. రోజంతా ఫోన్‌పేలో డబ్బు పడుతుంది. రాత్రికి సరుకుల వాళ్లకు పంపేస్తాను. తెల్లారాక పంపితే ఆ రోజు లెక్కలో ఎక్కువ ఉంటుంది కదా? వడ్డీ పెరుగుతుందా?

పద్దుల_పెద్దాయన
పెరుగుతుంది. ఎంతో చూడు. రాత్రికి 5,000 అదనంగా ఉంచావనుకో, ఒక రోజు వడ్డీ 34 పైసలు. ఏడాదంతా చేస్తే 125 రూపాయలు. దాని కోసం సరుకుల వాడితో మాట పోగొట్టుకోకు. షాపు డబ్బంతా సేవింగ్స్‌లో తిప్పితే బ్యాంకు ఏదో రోజు కరెంటు ఖాతా తెరవమంటుంది కూడా. దానికి వడ్డీ సున్నా.

సరే, నీ ఫైనాన్స్ లెక్కను కూడా నేను ఇదే పద్ధతిలో కట్టి చూశాను. ఆడిటరమ్మ చెప్పిన రోజువారీ అప్పు నిల్వలన్నీ కూడితే ప్రొడక్టు సుమారు 23 లక్షల 17 వేలు వస్తుంది. నీ ఎస్బీ ఖాతా ప్రొడక్టు 36 లక్షల 95 వేలు. 37 లక్షల ప్రొడక్టుకి బ్యాంకు నీకిచ్చింది 253. 23 లక్షల ప్రొడక్టుకి నువ్వు ఫైనాన్స్ వాడికిచ్చింది 6,000. రెండింటికీ తూకం ఒకటే బాబూ, రాళ్లే వేరు. అదే 5,000 ఒక రాత్రి ఉంచితే బ్యాంకు 34 పైసలు ఇస్తుంది, ఫైనాన్స్ వాడు 12 రూపాయల 95 పైసలు తీసుకుంటాడు.

టమాటా_లోడు
ఇది మాత్రం గట్టిగా తగిలింది పెద్దాయనా. స్క్రీన్‌షాట్ తీసి మా షెడ్డు గ్రూపులో పెడుతున్నా.

పెరంబూర్_టిఫిన్
అసలు విషయం ఇప్పుడు చెప్తాను. నిన్న ఆ కుర్రాడు ఓనర్‌ని తీసుకొచ్చాడు. "బాగా కడుతున్నావు, తిరగరాద్దాం" అంటున్నాడు. కొత్తగా 50,000కి నోటు. పాత బాకీ 30 రోజులది 15,000 అందులో పట్టుకుంటాడు, కొత్త వడ్డీ 6,000 పట్టుకుంటాడు, చేతికి 29,000. మళ్లీ 100 రోజులు 500. నాకూ ఫ్రిజ్ ఒకటి కావాలి, సెకండ్ హ్యాండ్‌ది చూశాను. పాత రేటే కదా అని ఒప్పుకుందామనుకున్నా. మీరందరూ ఇన్ని చెప్పాక ఆగాను.

టమాటా_లోడు
వద్దన్నా. తిరగరాయడంలోనే మునిగేది. నాకు తెలిసిన పూల కొట్టు ఆమె మొదటి నోటు ఎప్పుడు రాసిందో కూడా మర్చిపోయింది, ఇప్పటికీ కడుతూనే ఉంది.

టీనగర్_ఆడిటర్
పాత రేటు కాదు, అంతకన్నా ఎక్కువ. ఇలా చూడండి. తిరగరాయకపోతే మీరు ఎలాగూ 30 రోజులు 500 కట్టాలి. తిరగరాస్తే 100 రోజులు కట్టాలి. అంటే కొత్తగా నెత్తిన పడేది చివరి 70 రోజుల 35,000. దానికి చేతికొచ్చేది 29,000. ఈ లెక్కకు రోజు వడ్డీ 0.29 శాతం, నెలకు నూటికి 8 రూపాయల 70 పైసలు. 7.77 కాస్తా 8.70 అయింది.

ఎందుకు పెరిగిందంటే, ఆ 15,000 పాత బాకీకి వడ్డీ మొదటి నోటులోనే పట్టుకున్నారు. కొత్త నోటులో 50,000 మొత్తం మీద 12 శాతం కోస్తున్నారు, అంటే ఆ 15,000 మీద ఇంకో 1,800. పైగా మీరు ఈ రోజే తీర్చేస్తున్నట్టయితే పాత బాకీ నిజం విలువ 14,414. దాన్ని 15,000 కింద కట్టుకున్నారు. రెండు చోట్లా వాళ్లకే లాభం.

అంబత్తూర్_లేత్
అయితే ఎవరి దగ్గరైనా 15,000 సర్ది రేపే క్లోజ్ చేసేయమనండి మేడమ్, పీడ వదులుతుంది.

టీనగర్_ఆడిటర్
అది కూడా వద్దు! అందరూ చేసేది అదే. వడ్డీ ముందే కట్టేసిన అప్పును ముందుగా తీర్చినా ఒక్క రూపాయి వెనక్కి రాదు, వాళ్లు తగ్గిస్తామని చెప్తే తప్ప. 15,000 పూర్తిగా అడిగితే క్లోజ్ చేయకండి. మిగతా 30 రోజులు నిమ్మళంగా 500 చొప్పున కట్టుకోండి. దానికి కొత్తగా వడ్డీ ఏమీ పడదు, ఎప్పుడో కట్టేశారు. 14,400కి ఒప్పుకుంటే అప్పుడు ఆలోచించండి. బ్యాంకు లోనుకి ముందుగా తీర్చేయమని సలహా ఇస్తాం, ఎందుకంటే అక్కడ మిగిలిన అసలు మీద రోజూ వడ్డీ ఎక్కుతూ ఉంటుంది. ఇక్కడ ఎక్కేది లేదు.

ఫ్రిజ్ కోసం 29,000 వేరే చోట చూడండి. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో పెట్టండి. ఏడాదికి 9.5 శాతం అనుకున్నా, 29,000ని 100 రోజులు వాడుకుని ఒకేసారి తీరిస్తే వడ్డీ 755 రూపాయలు. బంగారం విలువ కట్టే అప్రైజర్ చార్జీలు, ప్రాసెసింగ్ కలిపినా 6,000 దరిదాపుల్లోకి రాదు.

సుజాత_విల్లివాక్కం
మా మరిది తోపుడు బండి మీద ఇడ్లీలు అమ్ముతాడు, వాడికి స్వనిధి లోను వచ్చింది. షాపు వాళ్లకు అది ఇస్తారా?

పద్దుల_పెద్దాయన
స్వనిధి వీధి వ్యాపారులకు, కార్పొరేషన్ గుర్తింపు ఉండాలి. 2020లో 10,000తో మొదలుపెట్టారు, ఇప్పుడు మొదటి విడత 15,000, సరిగ్గా కడితే 25,000, తర్వాత 50,000. వేళకు కట్టినవాళ్లకు 7 శాతం వడ్డీ రాయితీ ఖాతాలో పడుతుంది. టిఫిన్ బాబుది షాపు కాబట్టి చిన్న వ్యాపారాలకిచ్చే ముద్ర లోన్లలో శిశు అనే రకం అడగాలి, 50,000 దాకా. నీ షాపు లైసెన్సు, ఫోన్‌పే లావాదేవీలు ఉన్న స్టేట్‌మెంటు పట్టుకెళ్లు. రెండు మూడుసార్లు తిప్పుతారు, అది మాత్రం నిజం.

[ఇక్కడ ఒక పోస్టు తొలగించబడింది]

మోడరేటర్
ఐదు నిమిషాల్లో లోన్ అంటూ లింకు పెట్టిన సభ్యుణ్ణి తీసేశాం. అలాంటి లింకులు నొక్కకండి. ఎవరైనా మెసేజ్ పెడితే మాకు రిపోర్టు చేయండి.

ఓఎమ్మార్_కోడర్
యాప్ లోన్లు కూడా ఇదే లెక్క కదా? 10,000 అని చూపించి ప్రాసెసింగ్ ఫీజు పోగా 8,000 చిల్లర ఖాతాలో వేస్తారు.

టీనగర్_ఆడిటర్
అదే లెక్క. కానీ బ్యాంకులు, రిజిస్టరైన ఫైనాన్స్ కంపెనీలకైతే ఒక కట్టడి ఉంది. 2024 అక్టోబర్ నుంచి ఇచ్చే రిటైల్ లోన్లకు, చిన్న వ్యాపారాల టర్మ్ లోన్లకు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ ఇవ్వాలి. అందులో ఫీజులన్నీ కలిపి ఏడాది రేటు ఎంతో ఒక్క అంకెలో ఉంటుంది, ఏపీఆర్ అంటారు. మిగతా పేజీలు చదవకపోయినా ఆ అంకె చదవండి. అదే ఏడాది ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు ఇంకోటి కూడా చెప్పింది: ఒకటో రెండో వాయిదాలు ముందే పట్టుకుని, వడ్డీ మాత్రం పూర్తి లోను మీద కట్టడం కుదరదని, డబ్బు చేతికివ్వకముందే, సంతకం పెట్టిన రోజు నుంచే వడ్డీ లెక్కేయడం కూడా కుదరదని. తీసుకున్నవాళ్లకు వెనక్కి ఇవ్వమంది. పసుపు కార్డు వాళ్లకు ఇవేవీ వర్తించవు, వాళ్లు ఆ లిస్టులోనే లేరు.

టమాటా_లోడు
వాళ్ల మీద చట్టం లేదా మరి?

అంబత్తూర్_లేత్
తమిళనాడులో 2003 నుంచే ఉంది, అధిక వడ్డీ నిషేధ చట్టం. డైలీ వట్టి, కందు వట్టి, మీటర్ వట్టి, తండల్ అని పేర్లతో సహా రాశారు అందులో (వట్టి అంటే తమిళంలో వడ్డీ). 2025లో వసూళ్ల దౌర్జన్యాల మీద ఇంకో చట్టం తెచ్చారు. కానీ చట్టం ఉంది కదా అని రేపు స్టేషన్‌కి వెళ్తే, ఎల్లుండి లోడుకి డబ్బు ఎవరిస్తారన్నది మీరే చెప్పాలి టమాటా గారూ.

టమాటా_లోడు
అదే కదా.

పెరంబూర్_టిఫిన్
అప్‌డేట్ ఇస్తున్నా. తిరగరాయనని చెప్పేశాను. ఓనర్ మొహం మాడింది. "రేటు తగ్గిస్తా, 5,500 పట్టుకుంటా" అన్నాడు. మేడమ్ చెప్పిన 35,000, 29,000 లెక్క కార్డు వెనకే రాసి చూపించాను. "ఇదంతా ఎవరు నేర్పార్రా" అని నవ్వి వెళ్లిపోయాడు. 14,400కి క్లోజ్ చేస్తావా అంటే కుదరదన్నాడు, అయితే రోజూ 500 కడతాను, కుర్రాణ్ణి పంపు అన్నాను. మా ఆవిడ గాజులు బ్యాంకులో పెట్టి ఫ్రిజ్‌కి తెచ్చాను, వడ్డీ మేడమ్ చెప్పిన అంకెకు దగ్గరలోనే ఉంది.

ఒక్క టెన్షన్ ఉంది. మొదట్లో సంతకం పెట్టిన ఖాళీ చెక్కు ఒకటి, ప్రామిసరీ నోటు ఒకటి తీసుకున్నారు. నూరో రోజు అవి వెనక్కి ఇస్తారా?

పద్దుల_పెద్దాయన
ఆఖరి 500 ఇచ్చే రోజు కుర్రాడికి కాదు, ఓనర్ ఆఫీసుకి వెళ్లి ఇవ్వు. నోటూ, చెక్కూ బల్ల మీద పెట్టాకే డబ్బు తియ్యి. నోటు మీద 'చెల్లు' అని రాయించి సంతకం చేయించి నీ దగ్గర ఉంచుకో, అక్కడే చించేయకు. చెక్కు నంబర్ ఇప్పుడే పాస్‌బుక్‌లో రాసి పెట్టుకో. పసుపు కార్డును రోజూ ఫోన్‌లో ఫోటో తీస్తూ ఉండు, కూర మరక పడి రెండు గళ్లు కనపడకపోతే వాళ్లు రెండు రోజులు బాకీ అంటారు.

పెరంబూర్_టిఫిన్
ఇప్పటికే సాంబార్ మరక పడింది సార్. 41, 42 గళ్లు. ఈ రాత్రే వాటి మీద మళ్లీ సంతకం పెట్టిస్తా.

సుజాత_విల్లివాక్కం
మేడమ్, నో కాస్ట్ ఈఎంఐలో ఫోన్ తీసుకుంటే కూడా ఇలాంటి కోత ఉంటుందా? మా అబ్బాయి అడుగుతున్నాడు. చీటీ పాట లెక్క కూడా ఒకసారి చెప్పండి.

మోడరేటర్
సుజాత గారూ, రెండింటికీ చెరో త్రెడ్ తెరవండి. ఇది ఇప్పటికే చాంతాడంత అయింది. ఆడిటర్ గారు అక్కడ రాస్తానన్నారు.